“మీరైతే ఏం చేస్తారు డాక్టర్ గారూ?” అని పేషెంట్ అడిగితే జవాబు చెప్పవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు ప్రాక్టీసు మొదలుపెట్టి రెండేళ్లయింది. ఫలానా జబ్బుకు రెండు మూడు దారులున్నాయని విడమరిచి చెప్పాక పేషెంట్లు మీ ముఖంలోకి చూసి “మీరైతే ఏం చేస్తారు?” అంటున్నారు. “దానికి ఎప్పుడూ జవాబు చెప్పొద్దు, నిర్ణయం వాళ్లది, రేపు తేడా వస్తే మన మెడకు చుట్టుకుంటుంది” అని మీ సీనియర్ హెచ్చరించారు. చెప్పకపోతే ఎదుటి మనిషి ముఖం వాడిపోతోంది, చెబితే వాళ్ల నిర్ణయం మీరు లాగేసుకున్నట్టు అనిపిస్తోంది.

జవాబు చెప్పండి. కాకపోతే అడిగిన మరుక్షణం చెప్పకండి. ఆ జవాబును మీ జీవితంలోంచి కాకుండా వాళ్ల జీవితంలోంచి తీసి చెప్పండి. వాళ్లు అడిగేది “మీరైతే” అని. మీరు ఇవ్వాల్సింది “మీకు నా సలహా ఇది, ఎందుకంటే మీరు ఇందాక ఫలానా మాట అన్నారు” అనే జవాబు. ఆ ఫలానా మాట మీ చేతిలో లేదంటే సలహా ఇచ్చే వేళ ఇంకా కాలేదన్నమాట.

ఇది నేను ఒకాయనకు నష్టం చేసి నేర్చుకున్నాను. అప్పుడు నా వయసు 31. ఆయనకు 70 దాటాయి, కిడ్నీలు నెమ్మదిగా దెబ్బతింటూ చివరి దశకు వచ్చాయి. డయాలసిస్ అంటే ఏమిటో చెప్పాను: వారానికి మూడుసార్లు, ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు మెషీన్ పక్కన, నీళ్లకూ తిండికీ హద్దులు. డయాలసిస్ లేకుండా మందులతో ఉపశమనం ఇస్తూ ఉండే దారి కూడా చెప్పాను. అంతా విని ఆయన అడిగారు, “మీరైతే?” అని. “నిజం చెప్పాలంటే నేనైతే చేయించుకోను” అన్నాను. మనసులో ఉన్నది దాచకుండా చెప్పడమే నిజాయితీ అనుకున్నాను.

ఆయన మళ్లీ రాలేదు. నాలుగు నెలల తర్వాత ఒక రాత్రి ఊపిరితిత్తుల నిండా నీరు చేరి, మాట రాని స్థితిలో తీసుకొచ్చారు. ముందే సిద్ధమై ఉంటే చేతిలో ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపి చేసే దారి) వేసేవాళ్లం. అది వాడకానికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వ్యవధి లేక మెడలో క్యాథెటర్ అనే గొట్టం పెట్టి అప్పటికప్పుడు డయాలసిస్ చేశాం. ఆ క్యాథెటర్‌కు ఇన్‌ఫెక్షన్ వచ్చి మూడు వారాలు మంచం పట్టారు. కోలుకున్నాక ఆయన కోపం లేకుండా అన్న మాట ఇదీ: “డాక్టరే చేయించుకోనన్నాడు, ఇక దానివల్ల లాభం లేదు కాబోలు అనుకున్నాను.”

ఆ తర్వాత ఆయన డయాలసిస్ మీద రెండున్నరేళ్లు బతికారు. ఒంటరి మనిషి. నేను ఊహించుకుని భయపడిన ఆ నాలుగు గంటలూ ఆయన పక్క మంచం మనిషితో చదరంగం ఆడేవారు. వారంలో మూడు రోజులు తనకోసం ఎవరో ఎదురుచూసే చోటు దొరికిందని నాతో చెప్పారు. “నేనైతే చేయించుకోను” అన్నప్పుడు నేను ఊహించుకున్నది ఒక చోట కుదురుగా కూర్చోలేని 31 ఏళ్ల మనిషిని. నా ఎదుట కూర్చున్న ఆయన గురించి నేను ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

ఇది నా ఒక్కడి లోపం కూడా కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లం, జబ్బుతో బతుకు ఎలా ఉంటుందో ఊహించడంలో దాదాపు అందరం తప్పుతాం, అదీ ఒకే వైపుకి. 1999లో వచ్చిన ఒక అధ్యయనంలో మోస్తరు నుంచి తీవ్రమైన వైకల్యం ఉన్నవాళ్లలో 54 శాతం మంది తమ జీవితం బాగుందనో చాలా బాగుందనో చెప్పారు. బయట నుంచి చూసేవాళ్లు అంతమంది ఆ మాట అంటారని అనుకోరు. మనం రోజూ ఆస్పత్రిలో చూసేది వాళ్ల జీవితంలో అన్నిటికన్నా చెడ్డ రోజుల్ని. ఇంటికి వెళ్లాక గడిచే రోజులు మన కంటపడవు. అందుకని “నేనైతే” అనే ఊహను సలహాగా వాడటం ప్రమాదం.

అలాగని మీ సీనియర్ చెప్పిన దారీ నాకు సమ్మతం కాదు. దానికి ఎదురుగా నిలిచే సాక్షి ఒక డాక్టరే. ఫ్రాంజ్ ఇంగెల్‌ఫింగర్ అని, 1967 నుంచి 1977 దాకా న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికకు సంపాదకుడు. జీర్ణకోశ వ్యాధుల నిపుణుడు, అన్నవాహిక మీద ఏళ్ల తరబడి పనిచేసినవాడు. ఆయనకు అన్నవాహిక జీర్ణాశయంతో కలిసే చోటే క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ అయ్యాక కీమో తీసుకోవాలా, రేడియేషన్ తీసుకోవాలా అని ప్రపంచం నలుమూలల నుంచీ నిపుణులు తలా ఒక మాట చెప్పారు. ఆయనకే కాదు, ఇంట్లోవాళ్లకూ మతిపోయింది. చివరికి వైద్యుడైన ఒక మిత్రుడు, నీకు కావలసింది ఒక డాక్టరు, అన్నాడట. తన బదులు ఆలోచించి ఒక దారి చెప్పే మనిషిని పట్టుకోమని. అలా చేశాక మనసు ఎంత తేలికపడిందో ఇంగెల్‌ఫింగర్ తర్వాత చెప్పుకున్నాడు. ఆయన మరణించిన ఏడాదే, 1980లో, ఆ వ్యాసం అచ్చయింది. సరుకులు పరిచినట్టు చికిత్సలన్నీ పేషెంట్ ముందు పరిచి, నీకు నచ్చింది ఎంచుకో అనే డాక్టరు తన పని నుంచి తప్పుకుంటున్నట్టే అన్నది అందులో ఆయన వాదన. ఆ జబ్బు గురించి తన కాలంలో ఎవరికీ తీసిపోనంత తెలిసిన మనిషికే అలా ఉంటే, మొన్ననే జబ్బు పేరు విన్న మనిషి సంగతి ఆలోచించండి.

మనం పరీక్షల కోసం వైద్యనీతి సూత్రాలు నాలుగు బట్టీపట్టాం: స్వయంనిర్ణయం, మేలు చేయడం, కీడు చేయకపోవడం, న్యాయం. బోషాంప్, చిల్డ్రెస్ 1979లో వాటిని అలా ఒక వరుసలో పెట్టారు. మంచి పనిముట్లే. కానీ “మీరైతే” అనే ప్రశ్న దగ్గర మొదటి రెండూ ఎదురెదురుగా నిలబడినట్టు కనిపిస్తాయి. స్వయంనిర్ణయం నోరు మూసుకోమంటుంది, మేలు చేయాలన్న తపన నోరు తెరవమంటుంది. నా ఉద్దేశంలో అసలు తగువు అక్కడ లేదు, స్వయంనిర్ణయానికి మనం చెప్పుకునే అర్థంలో ఉంది. మనిషి ఒంటరిగా తీసుకున్నదే స్వంత నిర్ణయం అనుకుంటే సలహా కూడా చొరబాటే అవుతుంది. తనకు ఏది ముఖ్యమో దానికి తగ్గట్టు తీసుకున్నది స్వంత నిర్ణయం అనుకుంటే, ఆ ముఖ్యమైనదేదో తేల్చుకోవడానికి తోడుండటం చొరబాటు కాదు. 1992లో ఇజికీల్ ఇమాన్యుయెల్, లిండా ఇమాన్యుయెల్ డాక్టరుకూ పేషెంటుకూ మధ్య సంబంధాన్ని నాలుగు రకాలుగా విడదీశారు. డాక్టరే అన్నీ నిర్ణయించేది ఒకటి. సమాచారం ఇచ్చి ఊరుకునేది ఇంకొకటి. పేషెంట్ మనసులో ఉన్న విలువలను విప్పి చెప్పేది మూడోది. ఆ విలువల గురించి పేషెంటుతో కలిసి చర్చించేది నాలుగోది. మీ సీనియర్ మొదటిదానికి భయపడి రెండోదానిలో తలదాచుకుంటున్నారు. మీరు నేర్చుకోవాల్సిన పని మూడో దానిలో ఉంది, ఒక్కోసారి నాలుగో దానిలో.

కోర్టు భయం గురించి ఒక్క మాట. తన ఒంటికి ఏం జరగాలో నిర్ణయించే హక్కు బుద్ధి స్థిమితంగా ఉన్న ప్రతి వయోజనుడికీ ఉందని న్యూయార్క్‌లో న్యాయమూర్తి కార్డోజో రాసింది 1914లో. 2015లో బ్రిటన్ సుప్రీం కోర్టు తేల్చిన కేసులో తల్లికి షుగర్ ఉంది, కాన్పులో బిడ్డ భుజాలు ఇరుక్కునే అవకాశం 9 నుంచి 10 శాతం. చెబితే సిజేరియన్ అడుగుతారని డాక్టరు ఆ సంగతి చెప్పలేదు. బిడ్డకు తీవ్రమైన నష్టం జరిగింది. ఆ పరిస్థితిలో ఉన్న మనిషి ముఖ్యమని భావించే ప్రమాదాన్నీ, వేరే దారులనూ చెప్పి తీరాలని కోర్టు తీర్పిచ్చింది. కోర్టు తప్పుపట్టింది దాచిపెట్టడాన్ని. అన్నీ చెప్పి, ఆపైన “నా సలహా ఇది” అనడాన్ని కాదు.

ఇక పని ఎలా చేయాలో చెబుతాను. “మీరైతే” అనేది ఒకే ప్రశ్న కాదు. కొందరు అడిగేది “మీరు చెప్పింది నాకు అర్థం కాలేదు” అని. కొందరు “ఈ బరువు ఒక్కణ్నే మోయలేకపోతున్నాను” అని. కొందరు “నన్ను మనిషిగా చూస్తున్నారా, ఇంకో కేసుగానా” అని పరీక్ష పెడతారు. ఇంకొందరు ఇప్పటికే నిర్ణయించుకుని, మీరు కాదంటారేమోనని అడుగుతారు. అందుకే నేను మొదట “తప్పకుండా చెబుతాను” అంటాను. ఈ మాట ముందు రావాలి, లేకపోతే తర్వాత వేసే ప్రశ్నలు తప్పించుకోవడంలా వినిపిస్తాయి. ఆ తర్వాత “ముందు మీ గురించి కొంచెం తెలుసుకోనివ్వండి” అని అడుగుతాను. ఈ రెండిటిలో మీకు ఎక్కువ భయం దేనికి? వచ్చే ఏడాదిలో ఏ పని చేయలేకపోతే మీకు అన్నిటికన్నా కష్టంగా ఉంటుంది? ఈ జబ్బుతో మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా, వాళ్లకు ఏమైంది? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు విలువైనది. మనం చెప్పిన లెక్కలన్నిటికన్నా, అన్న పడిన బాధో పక్కింటి మనిషి చావో వాళ్ల మనసులో గట్టిగా నిలిచి ఉంటుంది.

ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చిన ఒక లారీ డ్రైవర్ గురించి చెబుతాను. తొలి దశ, తక్కువ ప్రమాదం ఉన్న రకం. ఆపరేషన్, రేడియేషన్, లేదా చికిత్స వెంటనే మొదలుపెట్టకుండా పరీక్షలతో కనిపెట్టుకుని ఉండటం, ఇవీ దారులు. బ్రిటన్‌లో 1,643 మందిని ఈ మూడు దారుల్లో పెట్టి 15 ఏళ్లు గమనించిన ప్రొటెక్ట్ అధ్యయనంలో, ఏ దారిలోనైనా ప్రోస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు నూటికి ఇద్దరు ముగ్గురే. అయితే కనిపెట్టుకుని ఉన్నవాళ్లలో జబ్బు వేరే చోట్లకు పాకడం దాదాపు రెట్టింపు, 9.4 శాతం. ఆపరేషన్ అయినవాళ్లలో మూత్రం అదుపు తప్పడం, లైంగిక ఇబ్బంది ఎక్కువ. నాకే వస్తే కనిపెట్టుకునే దారి ఎంచుకుంటాను, ఈ విషయంలో నాకు సందేహం లేదు. ఆయన అడిగారు. నేను నా ప్రశ్నలు వేశాను. “రాత్రిళ్లు లారీలో ఒక్కణ్నే ఉంటాను సార్. లోపల క్యాన్సర్ ఉందన్న ఆలోచన పక్క సీట్లో కూర్చుని ఉంటుంది. అది దిగిపోతే చాలు, మిగతావి ఏవైనా ఓర్చుకుంటాను” అన్నారు. మూత్రం అదుపు తప్పితే డ్రైవింగ్ ఎంత కష్టమో మళ్లీ విడమరిచి చెప్పాను. వారం తర్వాత రమ్మన్నాను. వారం తర్వాతా అదే మాట. ఆయనకు నేనిచ్చిన సలహా ఆపరేషన్. “నా విషయంలో నేను వేరేలా ఎంచుకునేవాణ్ని, కానీ మీరు చెప్పింది విన్నాక మీకు ఇదే సరిపోతుందనిపిస్తోంది” అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఇలా రెండు రకాలుగా ఉండటం కపటమా? కాదు. పీటర్ ఉబెల్ బృందం 2011లో డాక్టర్లనే అడిగి చూసింది. పేగు క్యాన్సర్‌కు రెండు ఆపరేషన్లు: ఒకదానిలో చావు ప్రమాదం కాస్త ఎక్కువ, కానీ బతికినవాళ్లకు ఇబ్బందులు తక్కువ. రెండోది అందుకు తిరగేసినది. తమకైతే మొదటిది ఎంచుకుంటామన్న డాక్టర్లు 37.8 శాతం. అదే ఆపరేషన్‌ను పేషెంటుకు సూచిస్తామన్నవాళ్లు 24.5 శాతమే. మనకోసం ఆలోచించేటప్పుడూ, ఇతరులకు సలహా ఇచ్చేటప్పుడూ మన మనసు వేర్వేరు తూకాలు వాడుతుంది. ఆ తేడా ఉందని తెలిసి పైకి చెప్పడం మంచిది, లేనట్టు నటించడం మంచిది కాదు.

సలహాతో పాటు మీ మొగ్గు ఎటో కూడా చెప్పండి. 2000లో అమెరికాలో ఇదే ప్రోస్టేట్ క్యాన్సర్ గురించి అడిగితే యూరాలజిస్టుల్లో 93 శాతం మంది ఆపరేషన్ చేయించుకోమన్నారు. రేడియేషన్ నిపుణుల్లో ఎక్కువ మంది రేడియేషన్ కూడా అంతే మంచిదన్నారు. ఎవరూ మోసం చేయడం లేదు, తమ చేతుల్లో బాగుపడినవాళ్లే ఎవరికైనా కళ్ల ముందు మెదులుతారు. అందుకే “ఈ ప్రొసీజర్ చేసేది నేనే, కాబట్టి నా మాట ఇటు మొగ్గుతుంది. ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి, నేనేమీ అనుకోను” అని నేను పైకే అంటాను. డబ్బు ముడిపడి ఉన్నప్పుడు ఇది ఇంకా అవసరం.

లెక్కలు చెప్పే తీరు కూడా సలహాయే. 1982లో మెక్‌నీల్, ట్వెర్‌స్కీ తదితర పరిశోధకులు ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆపరేషన్ గురించి కొందరికి “నూటికి 90 మంది బతికి బయటపడతారు” అనీ, ఇంకొందరికి “నూటికి 10 మంది పోతారు” అనీ చెప్పి చూశారు. లెక్క ఒకటే. బతుకు లెక్క విన్నవాళ్లు ఆపరేషన్ వైపు ఎక్కువగా మొగ్గారు, అందులో డాక్టర్లూ ఉన్నారు. కాబట్టి “నేను ఏ సలహా ఇవ్వను, వివరాలే ఇస్తాను” అనేవాళ్లు కూడా తెలియకుండా సలహా ఇస్తూనే ఉన్నారు. నేను రెండు లెక్కలూ చెబుతాను.

ఇంత తతంగం అక్కర్లేని సందర్భాలూ ఉన్నాయి. జలుబుతో వచ్చిన పిల్లాడి తల్లి “మీ బిడ్డకైతే యాంటీబయాటిక్ ఇస్తారా?” అంటే, వైరస్ మీద అది పనిచేయదు కాబట్టి “ఇవ్వను” అని వెంటనే చెప్పండి. ఆధారం ఒకే వైపు ఉన్నచోట విలువల గురించి తవ్వడం ఆమె సమయం వృథా చేయడమే.

జవాబు చెప్పకూడని చోట్లూ కొన్ని. నిర్ణయం వైద్యానిది కానప్పుడు నేను చెప్పను. వంశపారంపర్యంగా వచ్చే, నయం కాని జబ్బు తనకు వస్తుందో లేదో పరీక్ష చేయించుకుని తెలుసుకోవాలా అని ఒక అమ్మాయి అడిగింది. తెలిశాక చేయగల చికిత్స ఏదీ లేదు. అక్కడ నాకు ఆమెకన్నా ఎక్కువ తెలిసిందంటూ ఏమీ లేదు, ఆ మాటే చెప్పి, కౌన్సెలర్ దగ్గరికి పంపి, తిరిగి వచ్చాక మళ్లీ కూర్చున్నాను. గదిలో ఎవరో ఒత్తిడి పెడుతున్నట్టు కనిపిస్తే కూడా ఆగుతాను. పరీక్ష చేయాలన్న మిషతో పేషెంటును పక్క గదిలోకి తీసుకెళ్లి ఒంటరిగా అడుగుతాను.

“ఇంత సమయం ఎక్కడిది?” అంటారని తెలుసు. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ గమనించిన దాని ప్రకారం పేషెంట్ చెప్పడం మొదలుపెట్టాక డాక్టర్లు సగటున 18 సెకన్లలో అడ్డుపడ్డారు. పైన చెప్పిన మూడు ప్రశ్నలకు నాకు పట్టేది ఐదారు నిమిషాలు. అడ్డుపడకుండా వింటే ఒక్కోసారి అంతకూడా పట్టదు. ఇది త్వరగా వచ్చే విద్య కూడా కాదు. చిన్న వయసులోనే లెక్కల్లో దిట్ట కావచ్చు గానీ ఆచరణలో వివేకం అలా రాదని, అది ఒక్కొక్క సందర్భాన్ని చూస్తూ కాలంతో పాటు రావలసిందని అరిస్టాటిల్ అన్నాడు. రెండేళ్లకే మీరు ఈ ప్రశ్న దగ్గర ఆగారు. నేను అక్కడ ఆగడానికి ఒకాయన మూడు వారాలు మంచం పట్టాల్సి వచ్చింది.

చివరిగా మీ అసలు భయం: నా సలహా విని, తేడా వస్తే? వస్తుంది. నాకు వచ్చింది. అందుకే ఒక పని తప్పనిసరిగా చేయండి. కేసు షీట్‌లో మీ సలహాతో పాటు, ఆ సలహాకు కారణమైన పేషెంట్ మాటను వాళ్ల మాటల్లోనే రాయండి. “రిస్కులు వివరించాను, అంగీకరించారు” అనే వాక్యం ఎవరి గురించైనా రాయవచ్చు.

74 ఏళ్ల ఆవిడకు గుండెలో అయోర్టిక్ వాల్వు బాగా సన్నబడింది, నాలుగు అడుగులకే ఆయాసం. ఈ జబ్బులో లక్షణాలు మొదలయ్యాక వాల్వు మార్చకపోతే దాదాపు సగం మంది రెండేళ్లు దాటరు. ఆపరేషన్‌లో నూటికి ముగ్గురు చనిపోవచ్చని, పక్షవాతం రావచ్చని చెప్పాను. ఆవిడ అడిగారు, నేను తిరిగి అడిగాను, ఆపరేషన్ చేయించుకోమన్నాను. మూడో రోజు పక్షవాతం వచ్చింది. పదకొండో రోజు పోయారు.

నెల తర్వాత ఆవిడ భర్త వచ్చారు. “మీరు చెప్పారనే చేయించుకుంది” అన్నారు. “అవునండీ, నేనే చెప్పాను” అన్నాను. నిర్ణయం ఆవిడది అన్న మాట నా నోటి చివరిదాకా వచ్చింది, అది నిజం కూడా, కానీ ఆ క్షణంలో అది ఆయన మీద తలుపు వేయడమే అవుతుంది. ఎందుకు చెప్పానో అడిగారు. కేసు షీట్ తెప్పించి ఆ రోజు రాసుకున్నది చదివాను: “మేడ మీద గదిలో నా కుట్టుమిషను ఉంది. రెండేళ్లయింది పైకెక్కి. కింద కూర్చుని ఎదురుచూస్తూ పోవడం నాకు ఇష్టం లేదు.”

ఆ మాట తనతో ఎప్పుడూ అనలేదని ఆయన అన్నారు. ఇంకోసారి చదవమన్నారు. చదివాను.